యాడ్ బ్రీఫ్‌కి మీరు పంపిన ట్రాకులు: జానర్ కుదిరిందా లేదా? రివ్యూ

అందరికీ నమస్తే, నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. పోయిన వీడియోలో మూడు యాడ్ బ్రీఫ్‌లు (యాడ్‌కి ఎలాంటి మ్యూజిక్ కావాలో రాసిచ్చేవి) చదివి, మీ సొంత మ్యూజిక్ పంపమన్నాను. కావలి నుంచి, ఒంగోలు నుంచి, ఇక్కడ కోవూరు నుంచి కూడా పంపారు. చాలా సంతోషం. ఈ రోజు మూడు ట్రాకులు విందాం. ఒకే ప్రశ్న పెట్టుకుని వింటాను: బ్రీఫ్ అడిగిన జానర్, అంటే ఆ రకం సంగీతం, ఇందులో ఉందా?

మొదటిది ఫుడ్ డెలివరీ యాప్ యాడ్. బ్రీఫ్ మళ్ళీ చదువుతున్నాను. 30 సెకన్లు, లో-ఫై హిప్‌హాప్ (మెత్తగా, నిదానంగా నడిచే బీట్), వాన పడుతున్న సాయంత్రం ఇంట్లో కూర్చున్న మూడ్, పైన వాయిస్ ఓవర్ వస్తుంది, గొంతు వద్దు. దీనికి కావలి తమ్ముడు పంపింది వినండి.

(ట్రాక్ ప్లే)

కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాలు, ఎంత బాగున్నాయో చూశారా! ఎలక్ట్రిక్ పియానో మీద మేజర్ సెవెంత్‌లు అనే నాలుగు స్వరాల కార్డ్స్, మెత్తగా, తొందర లేకుండా. ఇక్కడిదాకా లో-ఫైయే. ఇప్పుడు పియానో మ్యూట్ చేసి డ్రమ్స్ ఒక్కటే వినిపిస్తాను.

(డ్రమ్స్ మాత్రం)

140 బీపీఎం, అంటే నిమిషానికి 140 బీట్లు. కింద 808 డ్రమ్ మెషీన్ లోతైన బేస్ ఊగిపోతోంది, పైన హై-హ్యాట్ రోల్స్ టకటకా పరుగెడుతున్నాయి. ఇది ట్రాప్, హిప్‌హాప్‌లోనే ఇంకో రకం. తమ్ముడు లో-ఫై కార్డ్స్ కింద ట్రాప్ డ్రమ్స్ పెట్టి, ఫైల్‌కి లో-ఫై అని పేరు పెట్టాడు. మనలో చాలామంది జానర్‌ని మూడ్‌తో కొలుస్తాం. దిగులుగా ఉంది కాబట్టి లో-ఫై, హుషారుగా ఉంది కాబట్టి ఈడీఎం (ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్) అనుకుంటాం. ఏజెన్సీలో ట్రాకులు ఎంపిక చేసేవాళ్ళు ముందు డ్రమ్స్ పట్టుకుంటారు, తర్వాత సౌండ్లు, ఆ తర్వాతే ట్యూన్. లో-ఫై అంటే మామూలుగా 70 నుంచి 90 బీపీఎం మధ్య నడుస్తుంది. స్నేర్ డ్రమ్ ఒక పిసరు ఆలస్యంగా పడుతుంది, పైన మెరుపు తగ్గించి ఉంటుంది, వెనక పాత క్యాసెట్ హిస్ లాంటిది వినిపిస్తుంది. అవి లేకపోతే కార్డ్స్ ఎంత బాగున్నా మొదటి పది సెకన్లలోనే పక్కన పెట్టేస్తారు.

ఇంకో సంగతి. ఈ ట్రాక్‌లో మొదటి 18 సెకన్లు వాన చప్పుడే ఉంది. మొత్తం యాడ్ 30 సెకన్లు తమ్ముడూ! బీట్ మొదలయ్యేసరికి సగానికి పైగా అయిపోయింది.

దీన్ని ఎలా సరిచేస్తామో చూపిస్తాను, ఎందుకంటే ఈ లెక్క మీ అందరికీ పనికొస్తుంది. టెంపో 80కి దించుదాం. 30 సెకన్లకి 40 బీట్లు, అంటే నాలుగు బీట్ల చొప్పున సరిగ్గా 10 బార్లు. ఒక్కో బార్ 3 సెకన్లు. మొదటి బార్‌లోనే గ్రూవ్ మొదలవ్వాలి. తొమ్మిది బార్లు నడిచాక, పదో బార్ మొదటి బీట్ మీద, అంటే 27వ సెకను దగ్గర, చివరి కార్డ్ కొట్టి వదిలేయండి. మిగతా మూడు సెకన్లు ఆ కార్డ్ మోగుతూ ఆరిపోతుంది, పైన కంపెనీ లోగో వస్తుంది. ఫేడ్ అవుట్ పెట్టకండి. యాడ్‌కి ఖచ్చితమైన ముగింపు కావాలి.

మధ్యలో వచ్చే ఫ్లూట్ కూడా తీసేయాలి. మనిషి మాట స్పష్టంగా అర్థమయ్యేది ఎక్కువగా 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యలో. ఆ ఫ్లూట్ సరిగ్గా అక్కడే కూర్చుంది. వాయిస్ ఓవర్‌కి చోటు వదిలితేనే అది యాడ్ మ్యూజిక్ అవుతుంది. ఇదే బ్రీఫ్‌కి కొందరు హమ్మింగ్ పెట్టి పంపారు. బాలు గారు పుట్టిన జిల్లా మనది, పాడాలని ఉంటుంది, నిజమే. కానీ గొంతు వద్దని బ్రీఫ్‌లో రాసే ఉంది.

రెండోది నగల షాపు యాడ్. పెళ్ళి సీజన్, క్లాసికల్ ఫ్యూజన్, నిండుగా ఉండాలి అన్నారు. ఒంగోలు నుంచి ఒక అక్క పంపారు.

(ట్రాక్ ప్లే)

హంసధ్వని! రాగం ఎంపికే సగం పని చేసేసింది. స రి గ ప ని, మధ్యమం లేదు, ధైవతం లేదు. వీటిలోనే స-గ-ప ఒక మేజర్ కార్డ్, ప-ని-రి ఇంకో మేజర్ కార్డ్ దొరుకుతాయి. అందుకే కింద వెస్టర్న్ స్ట్రింగ్స్ నడుస్తున్నా పైన వీణ రాగం తప్పలేదు. ఫ్యూజన్ అడిగితే చాలామంది మృదంగం లూప్ మీద గిటార్ వేసి పంపిస్తున్నారు. రెండూ పక్కపక్కన ఉంటాయి గానీ కలవవు. ఇక్కడ కలిశాయి. నా మాట ఒక్కటే అక్కా: వీణ నిజమైనది, స్ట్రింగ్స్ మాత్రం కీబోర్డువని తెలిసిపోతున్నాయి. వాటిని తగ్గించి వీణని ముందుకు తీసుకురండి. ట్రంక్ రోడ్డు మీద ఏ నగల షాపుకైనా నేను ధైర్యంగా వినిపిస్తాను దీన్ని.

మూడోది మన జిల్లా బ్రీఫ్, రొయ్యల మేత కంపెనీది. చెరువు గట్టు మీద రైతులు, మాస్ బీట్, డప్పు ఉండాలి. రిఫరెన్స్‌గా ఒక సినిమా పాట ఇచ్చారు. కోవూరు నుంచి వచ్చిన ట్రాక్‌లో జానర్ పక్కాగా ఉంది, డప్పు దుమ్ము రేపింది. చిక్కంతా ట్యూన్‌తోనే. రిఫరెన్స్ పాట పల్లవిలో రెండు స్వరాలు మార్చి పెట్టేశారు. వింటే పిల్లలు కూడా ఆ పాట పేరు చెప్పేస్తారు.

రిఫరెన్స్ ఇచ్చేది టెంపో, వాయిద్యాలు, ఊపు ఎలా ఉండాలో చెప్పడానికి. ట్యూన్ ఆ పాట చేసినవాళ్ళది. న్యూజిలాండ్‌లో 2014 ఎన్నికల యాడ్‌కి ఒక పార్టీ మ్యూజిక్ లైబ్రరీ నుంచి డబ్బు కట్టి మరీ ట్రాక్ తీసుకుంది. అది అమెరికా ర్యాపర్ ఎమినెమ్ పాటకి మరీ దగ్గరగా ఉందని కేసు పడింది. 2017లో అక్కడి హైకోర్టు కాపీరైట్ ఉల్లంఘనేనని తేల్చి 6 లక్షల న్యూజిలాండ్ డాలర్లు కట్టమంది. మరుసటి ఏడాది అప్పీల్ కోర్టు ఆ మొత్తాన్ని 2 లక్షల 25 వేలకి తగ్గించింది గానీ, ఉల్లంఘన అన్న మాట అలాగే నిలిచింది. అంత డబ్బు మన దగ్గర ఎక్కడిది?

పంపేటప్పుడు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైల్ పంపండి, స్టెమ్స్, అంటే ఒక్కో వాయిద్యం ఫైల్, విడిగా దాచుకోండి. ట్యూన్‌లో ఫ్రెండ్ చెయ్యి ఉంటే ముందే కాగితం మీద వాటా రాసుకోండి. అడిగిన జానర్ మీ దగ్గర లేకపోతే ఆ బ్రీఫ్ వదిలేయండి, ఇంకోటి వస్తుంది.

కావలి తమ్ముడూ, నీ డ్రమ్స్ పారేయకు. స్పోర్ట్స్ షూస్ యాడ్‌కి ట్రాప్ కావాలని ఒక బ్రీఫ్ వచ్చింది, కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. కోవూరు వాళ్ళు డప్పు అలాగే ఉంచి, పైన ట్యూన్ కొత్తది కట్టి పంపండి. రెండూ వచ్చే వీడియోలో మొదట వింటాను.