నెమ్మది బంతి మీద బతికిన మనిషి

శ్రోతలకు నమస్కారం.

దగ్గర్లో బత్తాయి ఉంటే ఒకటి చేతిలోకి తీసుకోండి. బేస్‌బాల్ బంతి ఇంచుమించు అంతే ఉంటుంది. ఇప్పుడు దాన్ని అరచేతి లోపలికి బాగా నొక్కిపట్టి విసురుతున్నట్టు ఊహించుకోండి. చెయ్యి ఎంత జోరుగా తిప్పినా పండు అంత జోరుగా పోదు. విసురులోని ఊపు చివరి క్షణంలో వేళ్ల కొసల నుంచే బంతికి అందుతుంది. ఆ కొసలను తప్పిస్తే వేగం దానంతటదే తగ్గుతుంది. ఇలా వేసే బంతి పేరు ఛేంజప్. మన క్రికెట్‌లోని స్లోయర్ బాల్‌కు దగ్గరి చుట్టం. కాకపోతే ఇక్కడ బంతి నేలను తాకకుండానే బ్యాటర్‌ను చేరాలి. పిచ్ సాయపడుతుందన్న ఆశ లేదు.

ఈ బంతి మీదే బతికిన అమెరికా బేస్‌బాల్ ఆటగాడు ట్రెవర్ హాఫ్‌మన్ మొదట పిచ్చరే, అంటే బంతి విసిరేవాడే, కాదు. 1989లో సిన్సినాటి రెడ్స్ జట్టు అతన్ని ఫీల్డర్‌గా తీసుకుంది. బ్యాటింగ్ అంతంతమాత్రం, చెయ్యి మాత్రం ఫిరంగి. అందుకే 1991లో పిచ్చర్‌గా మార్చారు. 1993లో శాన్ డియాగో పాడ్రెస్‌కు చేరేనాటికి గంటకు 95 మైళ్ల దరిదాపుల్లో విసిరేవాడు. మరుసటి ఏడాది ఆటగాళ్ల సమ్మెతో సీజన్ అర్ధాంతరంగా ఆగిపోయింది. ఖాళీ దొరికిందని సముద్రపు ఒడ్డున సరదాగా ఆడుతూ భుజం పాడుచేసుకున్నాడు. అన్ని మ్యాచ్‌లకు తట్టుకున్న భుజం ఇసుకలో ఆటకు లొంగిపోయింది! ఆ పాత వేగం మళ్లీ తిరిగి రాలేదు.

మిగిలింది ఛేంజప్. దాని పట్టును అతను డానీ ఎలియట్ అనే తోటి పిచ్చర్ దగ్గర నేర్చుకున్నాడు. అమెరికా అగ్రశ్రేణి లీగ్ అయిన మేజర్ లీగ్‌లో ఎలియట్ జీవితం రెండేళ్లలోనే ముగిసింది. బంతిని అరచేతిలోకి దించి, బొటనవేలితో, చూపుడువేలితో కుట్టును గిల్లినట్టు పట్టుకోవడం హాఫ్‌మన్ పద్ధతి.

పిచ్చర్‌కూ బ్యాటర్‌కూ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. 88 మైళ్ల బంతి బ్యాటర్‌ను చేరడానికి అర సెకను కూడా పట్టదు. 75 మైళ్ల బంతి అంతకంటే సెకనులో వందో వంతులు ఏడెనిమిది ఆలస్యంగా వస్తుంది. ఆ కాస్త ఆలస్యంలోనే బంతి మరింత కిందికి జారుతుంది, బ్యాటేమో అప్పటికే గాలిని కోసేసి ఉంటుంది. అయితే చెయ్యి తిరిగే జోరు రెంటికీ ఒకేలా ఉండాలి. చేతిలో ఏమాత్రం బద్ధకం కనిపించినా గుట్టు రట్టవుతుంది. నన్నడిగితే ఇది బలం కంటే నటనకు దగ్గరి విద్య.

హాఫ్‌మన్ క్లోజర్. జట్టు కొద్దిపాటి ఆధిక్యంలో ఉన్నప్పుడు చివరి ఇన్నింగ్స్‌లో వచ్చి గెలుపు నిలబెట్టడం అతని పని. నిలబెడితే అది సేవ్. 1998లో 54 అవకాశాల్లో 53 నిలబెట్టాడు. ఆ ఏడాది నుంచే అతను మైదానంలోకి వస్తుంటే స్పీకర్లలో గంటలు మోగడం మొదలైంది. అంత ఉరుముతో వచ్చినవాడు తీరా వేసేది నెమ్మది బంతి! వయసుతో పాటు ఫాస్ట్‌బాల్ 85 మైళ్ల దాకా దిగిపోయింది, ఛేంజప్ మీద భారం ఇంకా పెరిగింది. అయినా పని జరిగింది. బ్యాటర్‌ను ముంచేది రెండు బంతుల మధ్య తేడా. ఆ తేడాను అతను పోనివ్వలేదు. 2007లో 500 సేవ్‌లు దాటిన తొలి పిచ్చర్ అయ్యాడు.

అదే ఏడాది సెప్టెంబర్ 29న మిల్వాకీలో మ్యాచ్. ఇంకొక్క స్ట్రైక్ పడితే, అంటే బ్యాటర్ ఇంకొక్క బంతి తప్పితే, పాడ్రెస్ ప్లేఆఫ్‌లో ఉన్నట్టే. ఎదురుగా టోనీ గ్విన్ జూనియర్. హాఫ్‌మన్‌తో ఏళ్ల తరబడి ఆడిన మహా బ్యాటర్ టోనీ గ్విన్ కొడుకు, పాడ్రెస్ డ్రెస్సింగ్ రూములో తిరుగుతూ పెరిగిన పిల్లవాడు. కుడివైపు మూలకు బంతిని కొట్టి మూడో బేస్ దాకా పరుగెత్తాడు. స్కోరు సమమైంది, అదనపు ఇన్నింగ్స్‌లో పాడ్రెస్ ఓడింది. రెండు రోజుల తర్వాత కొలరాడోలోనూ హాఫ్‌మన్ ఆధిక్యం నిలపలేకపోయాడు, సీజన్ అక్కడితో ముగిసింది.

2009లో అతను ఆ మిల్వాకీ జట్టులోకే వెళ్లాడు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 7న, అదే మైదానంలో, 600వ సేవ్ సాధించాడు.