అరిగిపోయిన క్యాసెట్టు, అదే ప్రశ్న

సంధానకర్త: గల్ఫ్‌కు వెళ్లిన తండ్రి కోసం జగిత్యాల పక్క పల్లెలో ఎదురుచూసిన తన బాల్యాన్ని ఈ నటి నిన్న హనుమకొండ వేదికపై గంటంబావు సేపు ఒంటరిగా అభినయించారు. అమ్మా, ముందు ఆ క్యాసెట్టు ఘట్టం గురించి చెప్పండి.

నటి: ఊళ్లో ఫోను లేని ఆ రోజుల్లో బాపు తన మాటలను క్యాసెట్టులో నింపి, దుబాయి నుండి సెలవు మీద వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. టేపు రికార్డరు చుట్టూ వాడకట్టంతా చేరేది. “అవ్వా, తిన్నవానే?” అని బాపు అడగగానే మా నాయనమ్మ “తిన్న బిడ్డా, నువ్వు తిన్నవా?” అని బదులిచ్చేది. ఆయన మరో సంగతిలోకి వెళ్లిపోయేసరికి, “వీనికి చిన్నప్పటిసంది చెప్పింది వినే అలవాటే లేదు” అని కోపగించుకునేది.

విమర్శకుడు: ఆ మాటకు సభ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. తండ్రి మరణవార్త వచ్చాక నాయనమ్మ అదే క్యాసెట్టు పెట్టించుకుని, ఆ ప్రశ్న వినిపించినప్పుడు ఏమీ పలకకుండా కూర్చుంటే, నవ్వినవారే తలలు దించుకున్నారు. అయితే ఆ వెంటనే వచ్చిన వయొలిన్ నాకు నచ్చలేదు. మౌనం చేస్తున్న పనిని దానికి అప్పగించనక్కరలేదు.

నటి: నిజమే. ఆ నిశ్శబ్దాన్ని భరించే ధైర్యం చాలక పెట్టించాను.

ఒగ్గు కళాకారుడు: మేము బీరప్ప కథో మల్లన్న కథో చెబుతూ జనాన్ని ఏడిపించినప్పుడు, పక్కనున్న సహాయకుడు ఒక చమత్కారం విసిరి వారిని తేరుకోనిస్తాడు, ఆలోగా డోలు కూడా అందుకుంటుంది. ఈమెకు వంత లేదు, డోలు లేదు. ఏడిపించవలసినదీ, తేర్చవలసినదీ తానే.

విమర్శకుడు: ఒక్క గొంతుతో ఎందరినో పలికించిన నేరెళ్ల వేణుమాధవ్ గారు 1932లో పుట్టిన వరంగల్ ఇది కనుక, ఇక్కడి ప్రేక్షకులు గొంతు మారితే ఇట్టే పట్టేస్తారు. నాయనమ్మ గొంతును అంత చక్కగా పలికించిన మీరు తండ్రి మాటలను మాత్రం మీ గొంతుతోనే ఎందుకు చెప్పారు?

నటి: బాపు గొంతు నాకు గుర్తు లేదు. కొన్నేళ్ల తర్వాత మా తమ్ముడు తెలియక ఆ క్యాసెట్టు మీద సినిమా పాటలు ఎక్కించుకున్నాడు. ఒక పాట ముగిసి మరొకటి మొదలయ్యే సందులో “తిన్నవానే” అన్న ముక్క మాత్రం మిగిలింది, అదీ అరిగిపోయి ఎవరి గొంతో తెలియనట్టుగా.

సంధానకర్త: ఇది నాటకంలో లేదే?

నటి: లేదు. తమ్ముడు మొదటి వరుసలో కూర్చుంటానన్నాడు.