ఉద్దానం కిడ్నీ జబ్బు: రక్తం ఇచ్చినవాళ్లకు ఫలితం చెబుతున్నామా?

యాంకర్: నమస్కారం. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస... కొబ్బరి, జీడి తోటల ఈ ఉద్దానంలో ఏళ్ల తరబడి కిడ్నీలు పాడవుతున్నాయి. డాక్టరు గారూ, కారణం ఇంకా ఎందుకు తేలలేదు?

కిడ్నీ వైద్యుడు: షుగర్, బీపీ వల్ల కిడ్నీ చెడిందంటే మాకు అర్థమవుతుంది. ఇక్కడ ఆ రెండూ లేనివాళ్లకూ వస్తోంది. శ్రీలంకలో వరి రైతులకూ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే ఉంది. నీళ్లలో సిలికా అనే ఖనిజం, పురుగుమందులు, మండుటెండలో పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం... అన్నిటి మీదా అనుమానమే. ఫలానాదే అని రుజువు కాలేదు.

ఆశా కార్యకర్త: మా ఊళ్లో చదువురాని ముసలమ్మ కూడా తన క్రియాటినిన్, అదే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె, ఎంతో చెబుతుంది సార్. కానీ సర్వేలకు రక్తం ఇచ్చినవాళ్లలో చాలామందికి ఫలితమే రాలేదు. ఒకావిడ నన్ను నిలబెట్టి అడిగింది, "మూడుసార్లు సూది గుచ్చారు, ఒక్క చీటీ అయినా ఇచ్చారా?" అని. ఏం చెప్పను?

పరిశోధకురాలు: అది మా తప్పేనమ్మా. మొదట్లో ఈ జబ్బు బయటికి కనపడదు. కాళ్లవాపు వచ్చేసరికే ఆలస్యమైపోతుంది. ఆ చీటీ చేతికిస్తే కొందరైనా ముందే జాగ్రత్తపడేవాళ్లు. కారణం తేలేదాకా ఆగాల్సిన పని కాదిది.

యాంకర్: 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో మంచినీళ్లు వచ్చాయి, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి మొదలైంది. ఇక తగ్గుతుందా?

వైద్యుడు: మంచినీళ్లు ఇవ్వాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ కిడ్నీ ఏళ్ల తరబడి మెల్లగా చెడుతుంది. తేడా రేపటికే కనపడదు.

పరిశోధకురాలు: అందుకే ఇప్పుడు అవే ఇళ్లకు ఏటా వెళ్లాలి. ఏ ఇంట్లో పైపు నీళ్లు తాగుతున్నారు, ఎవరు ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారు, రాసుకోవాలి. ఇద్దరినీ పోల్చి చూస్తేనే నీళ్ల పాత్ర ఎంతో తెలుస్తుంది. ఈ అవకాశం పోతే మళ్లీ రాదు.

ఆశా కార్యకర్త: మాత్రల సంగతి కూడా చెప్పండి మేడమ్. జీడిపిక్కలు ఏరి వచ్చే ఆడవాళ్ల కొంగుముడిలో నొప్పి మాత్రల షీటు ఉంటుంది. నడుం లాగితే ఒకటి, నిద్ర పట్టకపోతే ఇంకొకటి.

వైద్యుడు: కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు అవి విషంతో సమానం. డాక్టరు రాసిన మందుల చీటీ లేకుండా షాపులవాళ్లు ఇవ్వకూడదు.

ఆశా కార్యకర్త: ఆ మాట మీరొచ్చి మా ఊరి షాపు ముందు చెప్పండి సార్. నేను చెబితే వినడం లేదు.

వైద్యుడు: వస్తానమ్మా. తేదీ చెప్పు.