కాసాబ్లాంకా జోలికి వెళ్లకండి! రీమేక్‌లు ఎందుకు బోల్తా పడుతున్నాయో నేను చెప్తా

అసలు మాట ముందే చెప్పేస్తాను. పాత హాలీవుడ్ క్లాసిక్‌లను ఇప్పటి స్టార్లతో మళ్లీ తీయొచ్చా, తీయకూడదా అని కామెంట్లలో కొట్టుకుంటున్నారు కదా, అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఆ సినిమా మనకు ఇంకా బాకీ ఉందా? అంటే, తెర మీద చెప్పాల్సింది ఏదైనా ఇంకా మిగిలిపోయిందా? ఇదీ ప్రశ్న. బాకీ ఉంటే తీయండి, నేనే మొదటి టికెట్ కొంటాను. బాకీ లేకపోతే దాని జోలికి వెళ్లొద్దు. ఎంత పెద్ద స్టార్ అయినా సరే, వెళ్లొద్దు.

పోయిన వీడియో కింద ఒకాయన రాశారు. "కాసాబ్లాంకా బ్లాక్ అండ్ వైట్, ఇప్పటి పిల్లలు చూడరు, కొత్త స్టార్లను పెట్టి కలర్‌లో తీస్తే తప్పేంటి?" అని. దాని కింద లైకులే లైకులు. నిజం చెప్తున్నాను, నాకు ఒళ్లు మండింది.

సరే, కాసాబ్లాంకానే తీసుకుందాం. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో తీసిన సినిమా, నాజీల నుంచి పారిపోయి వచ్చినవాళ్లు చేరే ఊరి కథ. హీరో రిక్ నడిపే కెఫేలో పాట సీను గుర్తుందా? జర్మన్ ఆఫీసర్లు పియానో చుట్టూ చేరి వాళ్ల పాట పాడుతుంటారు. నాజీలను ఎదిరించే లాజ్లో గబగబా బ్యాండ్ దగ్గరికి వెళ్లి ఫ్రెంచి జాతీయ గీతం వాయించమంటాడు. బ్యాండ్ వాళ్లు రిక్ వైపు చూస్తారు. రిక్ తల ఊపుతాడు, అంతే! కెఫే మొత్తం లేచి నిలబడి పాడుతుంది. అప్పుడు కెమెరా ఒక అమ్మాయి ముఖం మీదికి వెళ్తుంది. ఇవోన్. ఇందాకే ఒక జర్మన్ ఆఫీసరు వెంట లోపలికి వచ్చిన అమ్మాయి. ఇప్పుడు బుగ్గల మీద కన్నీళ్లు మెరుస్తుంటే గొంతెత్తి పాడుతోంది.

ఆ నటి పేరు మాడ్లెన్ లెబో. 1940లో జర్మన్లు పారిస్ మీదికి వస్తుంటే భర్త మార్సెల్ డాలియోతో కలిసి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయిన మనిషి. ఆ డాలియో కూడా ఈ సినిమాలోనే ఉన్నాడు, జూదం బల్ల దగ్గర. యూదుడి ముఖం ఇలా ఉంటుంది అని నాజీలు పోస్టర్లు వేసినప్పుడు అందులో వాడింది ఆయన ఫొటోనే. నాజీ మేజర్‌గా వేసిన కాన్రాడ్ ఫైట్ ఎవరనుకున్నారు? భార్య యూదురాలు. నాజీల వల్లే జర్మనీ వదిలేసి వచ్చినవాడు. 1942లో షూటింగ్ జరుగుతున్నప్పుడు యుద్ధం ఎవరు గెలుస్తారో ఆ సెట్‌లో ఒక్కరికీ తెలియదు.

ఇప్పుడు చెప్పండి, ఏ స్టార్‌ని తెస్తారు? ఎన్ని కోట్లు పోస్తే ఆ కన్నీళ్లు వస్తాయి? 1983లో దీన్ని టీవీ సిరీస్‌గా తీశారు, డేవిడ్ సోల్‌ని రిక్‌గా పెట్టి. కొద్ది ఎపిసోడ్లకే ఆపేశారు. కాసాబ్లాంకా మనకు పైసా బాకీ లేదు కాబట్టి!

ఇంతకంటే పెద్ద సాక్ష్యం హారర్ సినిమా సైకో. 1960లో హిచ్‌కాక్ దాన్ని తన టీవీ షో టీమ్‌తో, దాదాపు 8 లక్షల డాలర్లలో తీశాడు. హీరోయిన్‌ని స్నానం చేస్తుండగా కత్తితో పొడిచి చంపే షవర్ సీన్ ఒక్కదానికే వారం రోజులు పట్టింది. రక్తం బదులు చాక్లెట్ సిరప్ వాడారు, బ్లాక్ అండ్ వైట్ కదా, సరిపోయింది. 1998లో గస్ వాన్ సాంట్ ఏం చేశాడు? అదే స్క్రిప్టు, అదే సంగీతం, దాదాపు అవే షాట్లు. రంగులు వేసి, విన్స్ వాన్‌ని, ఆన్ హేష్‌ని పెట్టి, సుమారు 6 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టాడు. 4 కోట్లు కూడా రాలేదు. చెత్త రీమేక్, చెత్త దర్శకుడు అని, చెత్త సినిమాలకిచ్చే ర్యాజీ (Razzie) అవార్డులు మాత్రం వచ్చాయి.

నేను ఆ రెండు షవర్ సీన్లనూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని చూశాను. పాత దాంట్లో నీళ్లు సుడి తిరుగుతూ తూములోకి పోతాయి, ఆ నల్లటి రంధ్రంలో నుంచే జానెట్ లీ కన్ను బయటికి వస్తుంది. రెప్ప కొట్టదు. గుండె ఆగిపోతుంది. కొత్త దాంట్లో కత్తిపోట్ల మధ్యలో ఉన్నట్టుండి ఆకాశంలో మబ్బులు చూపిస్తాడు. మబ్బులెందుకండీ అక్కడ?

పైగా అసలు దెబ్బ ఎక్కడుంది? జానెట్ లీ అప్పటికే పేరున్న హీరోయిన్. అలాంటి హీరోయిన్‌ని సినిమా సగం కూడా కాకముందే చంపేశాడు. జనం నోట మాట రాలేదు. ఆ షాక్ ఒక్కసారే పని చేస్తుంది. 1998లో హాల్లో కూర్చున్నవాళ్లకు ఆమె చస్తుందని ముందే తెలుసు.

మనకు ఇది కొత్త కాదు. 1953లో నాగేశ్వరరావు గారి దేవదాసు వచ్చాక, 1974లో కృష్ణ గారితో కలర్‌లో మళ్లీ తీశారు. ఆ రోజుల్లో కృష్ణ గారంటే ఎంత క్రేజో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. అయినా ఆడలేదు. ఆయన తప్పేమీ లేదు, పాత దేవదాసు ఏ బాకీ మిగల్చలేదు, అంతే.

అయితే రీమేక్‌లన్నీ చెత్తేనా? కానే కాదు! మాల్టీస్ ఫాల్కన్ చూడండి. డాషియల్ హ్యామెట్ రాసిన ఈ డిటెక్టివ్ నవలని 1931లో ఒకసారి తీశారు. 1936లో పేరు మార్చి, కామెడీ చేసి ఇంకోసారి తీశారు. రెండుసార్లూ నవలలో ఉన్న ఆ కరుకుదనం తెర మీదికి రాలేదు. బాకీ అలాగే ఉండిపోయింది. 1941లో జాన్ హ్యూస్టన్ వచ్చాడు. దర్శకుడిగా మొదటి సినిమా. నవలని దాదాపు ఉన్నదున్నట్టు పట్టుకున్నాడు. హీరోగా ముందు జార్జ్ రాఫ్ట్‌ని అడిగితే చేయనన్నాడు. అలా ఆ పాత్ర హంఫ్రీ బోగార్ట్‌కి దొరికింది. అంటే స్టార్ కోసం ఈ రీమేక్ తీయలేదు, ఈ రీమేకే బోగార్ట్‌ని పెద్ద స్టార్‌ని చేసింది. ఆ మరుసటి ఏడాదే ఆయన కాసాబ్లాంకాలో రిక్ అయ్యాడు!

ఇంకో ముక్క వినండి. అదే జాన్ హ్యూస్టన్ మనవడు జాక్ హ్యూస్టన్. 2016లో బెన్ హర్ రీమేక్‌లో హీరో. తాత బాకీ ఉన్న సినిమా తీసి చరిత్రలో నిలిచిపోయాడు. మనవడికి ఇచ్చింది 1959లోనే వచ్చి 11 ఆస్కార్లు కొట్టేసిన సినిమా! సుమారు 10 కోట్ల డాలర్లు పెట్టారు, ప్రపంచమంతా కలిపి ఆ డబ్బు కూడా తిరిగి రాలేదు. పాపం, ఆ అబ్బాయిని ఏమనాలి?

1959 బెన్ హర్ కూడా రీమేకే కదా అంటారు. అవును, రీమేకే. కానీ 1925 సినిమా మూకీ. ఆ రథాల పందెం శబ్దం జనం ఇంకా వినలేదు. అది బాకీ కాదా? గ్యాంగ్‌స్టర్ సినిమా స్కార్‌ఫేస్ కూడా అంతే. 1932లో చికాగో దొంగ సారా దందా, 1983 నాటికి మయామిలో కొకైన్. ఊరు మారింది, సరుకు మారింది, చెప్పాల్సిన కథ కొత్తగా పుట్టింది. అల్ పచీనో గెలిచింది అందుకే.

కాబట్టి స్టూడియోలకు నాదొక డిమాండ్. ఆర్సన్ వెల్స్ తీసిన ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్, 1942. ఆయన బ్రెజిల్‌లో ఉండగా స్టూడియో వాళ్లు 40 నిమిషాలకు పైగా కోసేశారు. క్లైమాక్స్‌ని వేరేవాళ్లతో మళ్లీ తీయించారు. కోసేసిన ఫిల్మ్‌ని నాశనం చేసేశారు. తిరిగి చూద్దామన్నా లేదు! 2002లో ఒకసారి టీవీకి తీశారు కానీ అదీ నిలబడలేదు. ఎనభై ఏళ్లు దాటినా తీరని బాకీ ఇది. వెల్స్ రాసుకున్న స్క్రిప్టు ఉంది, ఆయన అనుకున్న ముగింపు ఉంది. మీ స్టార్లను, మీ కోట్లను తీసుకుని అక్కడికి వెళ్లండి.