వెనక బెంచీలో కూర్చున్న మేడమ్

శ్రోతలందరికీ నమస్కారం. కాలేజీ లెక్చరర్లు ఒకరిని చూసి ఒకరు పాఠం చెప్పడం ఎలా నేర్చుకోవచ్చో ఈరోజు చెబుతాను.

వెంకటగిరిలో నేతగాళ్ల ఇళ్లలో పిల్లలు పని ఎలా నేర్చుకుంటారో చూశారా? ముందు కండెలు చుడతారు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని తెగిన పోగు అతుకుతారు. మగ్గం గుంటలోకి దిగేది ఆ తర్వాతే. జాందానీ పనికైతే, అంటే బట్టలోనే చేత్తో బొమ్మలు నేసే పనికైతే, ఇద్దరు పక్కపక్కనే కూర్చుని నేస్తారు. ఒకరి చెయ్యి తప్పితే రెండోవారి కంట అప్పుడే పడుతుంది.

ఆఫ్రికాలోని లైబీరియాలో దర్జీల దగ్గర జీన్ లేవ్ అనే మానవ శాస్త్రవేత్త ఇలాంటిదే చూశారు. అక్కడ కుర్రాళ్లు మొదట గుండీలు కుడతారు, అంచులు మడిచి కుడతారు. గుడ్డ కత్తిరించడం చివర్లో నేర్చుకుంటారు. ఆమె, ఎటియెన్ వెంగర్ కలిసి 1991లో ఇలాంటి బృందాలకు 'కమ్యూనిటీ ఆఫ్ ప్రాక్టీస్' అని పేరు పెట్టారు. ఒకే పని చేసేవాళ్లు తరచూ కలుసుకుని, ఆ పని గురించి మాట్లాడుకుంటూ, ఒకరిని చూసి ఒకరు మెరుగుపడతారన్నమాట.

మరి కాలేజీల్లో పాఠం చెప్పే మా సంగతి? నెట్, సెట్ అనే అర్హత పరీక్షలు పాసవుతాం, పీహెచ్‌డీ చేస్తాం. హైస్కూలు టీచర్‌కి బీఈడీ కావాలి, మాకు అక్కర్లేదు. క్లాసులోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంటే లోపల ఏం జరిగిందో పక్క గదిలో లెక్చరర్‌కి కూడా తెలియదు. ఇరవై ఏళ్లు పాఠం చెప్పినా పక్కవాళ్ల పాఠం ఒక్కటీ వినని వాళ్లున్నారు. నేనూ అలాగే ఉండేవాణ్ణి.

నేను నెల్లూరు జిల్లాలో డిగ్రీ విద్యార్థులకు కెమిస్ట్రీ చెబుతాను. ఒకరోజు పీహెచ్, అంటే ఆమ్లత్వం ఎంతో చెప్పే కొలత, పాఠానికి మా జువాలజీ మేడమ్‌ని పిలిచి వెనక బెంచీలో కూర్చోమన్నాను. పాఠం బాగా సాగిందనే అనుకున్నాను. బయటికొచ్చాక ఆవిడ అన్నారు: "సార్, మీరు పద్దెనిమిది ప్రశ్నలు అడిగారు. జవాబులన్నీ ముందు బెంచీ నలుగురే చెప్పారు. వెనక పిల్లలు బోర్డు చూసి రాసుకున్నారు, అంతే. వాళ్లలో చాలామంది ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు నుంచి వస్తారు. వాళ్ల ఇళ్లవాళ్లకి రొయ్యల గుంటలున్నాయి. పీహెచ్ వాళ్లకి కొత్తా?"

మనసు చివుక్కుమంది. కానీ ఆవిడ చెప్పింది నిజం.

మర్నాడు సూత్రం పక్కన పెట్టి, గుంటలో నీళ్ల పీహెచ్ ఎంతుంటుందని అడిగాను. అప్పటిదాకా నోరు విప్పని కుర్రాడు లేచాడు. "పొద్దున ఏడున్నర ఉంటది సార్. మధ్యాహ్నం దాటాక పెరుగుద్ది. అర పాయింటు మించితే మా నాయనకి టెన్షన్." ఎందుకు పెరుగుతుంది? ఎండలో నీటి నాచు కార్బన్ డయాక్సైడ్‌ని వాడేసుకుంటుంది, ఆమ్లత్వం తగ్గి పీహెచ్ పెరుగుతుంది. రాత్రి మళ్లీ తిరగబడుతుంది. పీహెచ్ లాగరిథమ్ కొలత కాబట్టి, అర పాయింటు అంటే ఆమ్లత్వానికి కారణమైన హైడ్రోజన్ అయాన్లు మూడు రెట్లకు పైగా మారినట్టు. వాళ్ల నాయన భయానికి కారణం బోర్డు మీద లెక్కలో కనపడేసరికి, లాగరిథమ్ ఎందుకని ఎవరూ అడగలేదు.

అలా మొదలై ఇప్పుడు ఆరుగురమయ్యాం. రెండు శనివారాలకోసారి కూర్చుంటాం. మాలో ఇద్దరు గెస్ట్ లెక్చరర్లు. తప్పు ఒప్పుకుంటే ఉద్యోగానికే ఎసరొస్తుందని మొదట్లో వాళ్లు భయపడ్డారు. అందుకే అక్కడి మాట గడప దాటకూడదని గట్టిగా అనుకున్నాం. పైఅధికారులకు రిపోర్టు ఉండదు, మార్కులు వేసుకోవడం ఉండదు. ఒక్కరోజు వర్క్‌షాప్‌కి వెళ్తే సర్టిఫికెట్ వస్తుంది. సోమవారం క్లాసు మాత్రం పాత క్లాసే. అమెరికాలో ఓహయోలోని మయామి విశ్వవిద్యాలయంలో 1979 నుంచి వేర్వేరు సబ్జెక్టుల అధ్యాపకులు ఏడాది పొడవునా ఇలా బృందాలుగా పనిచేస్తున్నారు. ఏడాది అన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది. నమ్మకం కుదరడానికే మాకు మూడు నెలలు పట్టింది.

ఇప్పుడు మా ముందున్న పెద్ద చిక్కు ఇంగ్లీష్ మీడియం. ఇంటర్ దాకా తెలుగులో చదివిన అమ్మాయి క్లాసులో అర్థమైందని తల ఊపుతుంది, పరీక్షలో ఖాళీ పేపర్ ఇస్తుంది. ముందు తెలుగులో చర్చించుకోనిచ్చి, తర్వాత ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయించమని మా హిస్టరీ సార్ సూచించారు. చేసి చూస్తున్నాం.

వచ్చే శనివారం నా వంతు. బఫర్ ద్రావణాల దగ్గర, అంటే కాస్త ఆమ్లమో క్షారమో కలిపినా పీహెచ్ పెద్దగా మారని ద్రావణాల దగ్గర, రెండేళ్లుగా తడబడుతున్నాను. ఆ పాఠమే వాళ్ల ముందు పెడతాను.

సెలవు.