వెదురు ఫ్లోరింగ్ రివ్యూ: గోడ పక్కన వదలవలసిన ఆ సందు

నమస్కారం. హనుమకొండలోని మా ఇంటి మేడ మీద గదిలో, వేసి పదకొండు నెలలైన వెదురు నేల మీద నిలబడి మీతో మాట్లాడుతున్నాను. ఈ పలకలను కంపెనీవారు ఉచితంగా పంపించారు; వేయించిన కూలి మాత్రం నేనే ఇచ్చుకున్నాను. పలకల కొలతలు, ధర వంటి వివరాల జోలికి వెళ్ళను.

వెదురు గడ్డిజాతి మొక్క. బొంగు కొన్ని నెలల్లోనే పూర్తి ఎత్తుకు పెరిగినా, నేలకు పనికివచ్చేంతగా ముదరడానికి ఐదారేళ్ళు పడుతుంది. మేదరులు బుట్ట అల్లడానికి లేత బొంగును, నిచ్చెనకు ముదురు బొంగును ఏరుకోవడం చూసినవారికి ఈ తేడాను విడిగా చెప్పనక్కరలేదు. నాకు వచ్చినవి స్ట్రాండ్ వోవెన్ రకం పలకలు. బొంగును పీచులుగా చీల్చి, జిగురులో ముంచి, విపరీతమైన ఒత్తిడితో దిమ్మలుగా నొక్కి, ఆ దిమ్మలను పలకలుగా కోస్తారు. కలప గట్టిదనాన్ని తేల్చే జాంకా పరీక్షలో 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండును కలపలోకి సగం వరకు దింపడానికి ఎంత బలం కావాలో కొలుస్తారు. ఎర్ర ఓక్ కలపకు అది సుమారు 1300 పౌండ్లు కాగా, ఈ రకానికి 3000 దాటడం మామూలే. మా ఇనుప బీరువాను ముగ్గురం కలిసి జరిపినప్పుడు నేల మీద జానెడు గీత పడింది. వంగి వేలితో తడిమి చూస్తే లోతు తగలలేదు. గీత పాలిష్ వరకే ఆగిపోయింది. ముదురు గోధుమ రంగు పలకలు చూపులకు బాగుంటాయి కానీ, ఆవిరితో వేడి చేసి తెప్పించిన ఆ రంగు వల్ల వెదురు గట్టిదనం కొంత తగ్గుతుంది. అందుకే నేను తేనె రంగులో ఉండే సహజ రకాన్నే ఎంచుకున్నాను.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది, గోడకూ పలకకూ మధ్య వదలవలసిన సందు గురించి. ఇదే గదిలో ఇంతకుముందు చెక్కపీచును నొక్కి చేసే లామినేట్ పలకలు వేయించాము. అప్పటి మిస్త్రీ పని నీటుగా కనిపించాలని పలకలను నాలుగు వైపులా గోడకు ఆనించి బిగించాడు. మొదటి వానాకాలంలోనే గది మధ్యలో పలకలు గుడారంలా పైకి లేచాయి, తలుపు తెరుచుకోలేదు, అమ్మ రెండుసార్లు తట్టుకుని పడబోయింది. అమ్మినవారు మిస్త్రీని, మిస్త్రీ అమ్మినవారిని చూపించారు తప్ప ఎవరూ బాధ్యత తీసుకోలేదు. వెదురు కూడా గాలిలోని తేమను పీల్చి ఉబ్బేదే, ఎండకు కుంచించుకుపోయేదే. మే నెల వడగాడ్పులూ శ్రావణమాసపు ముసురూ రెండూ చవిచూసే మన ప్రాంతంలో, చుట్టూ 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ లేకుండా ఈ నేల వేయించడమంటే డబ్బు పారబోసుకోవడమే. ఇంత ముఖ్యమైన విషయాన్ని పెట్టెలో వచ్చిన కాగితంలో ఒకే ఒక్క వాక్యంలో, చీమతలకాయంత అక్షరాలతో వేసినందుకు కంపెనీవారి మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

ఈసారి పెట్టెలను మూడు రోజులు గదిలోనే ఉంచి, పలకలు గది వాతావరణానికి అలవాటుపడ్డాకే పని మొదలుపెట్టించాను. గచ్చు మీద పాలిథిన్ పట్టా, దాని మీద పలుచని ఫోమ్ పరిపించాను. గోడ వెంట 12 మిల్లీమీటర్ల చెక్క ముక్కలు నిలబెట్టించి, పని పూర్తయ్యాక తీయించాను. గోడ అడుగున బిగించే పట్టీ, అంటే స్కర్టింగ్, ఆ సందును కప్పేస్తుంది. ఒక మూల స్కర్టింగ్ విప్పి స్కేలుతో కొలిస్తే మే నెలలో 13 మిల్లీమీటర్లు, ఆగస్టు చివర 8 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ 5 మిల్లీమీటర్లే మునుపు నేలను పైకి లేపి ఉంటాయని అప్పుడు నాకు కళ్ళకు కట్టినట్టు అర్థమైంది.

కొనే ముందు రెండు ప్రశ్నలు తప్పక అడగండి. జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు, తక్కువ మోతాదుకు గుర్తులైన ఇ1 లేదా ఇ0 స్థాయిలో ఉందా? పిండిపదార్థం ఉన్న వెదురుకు పుప్పి పట్టకుండా బోరాన్ లవణాలతో శుద్ధి చేశారా? కాగితం మీద జవాబు ఇవ్వనివారి దగ్గర కొనకండి.

పడకగదికి, చదువుకునే గదికి నేను ఈ నేలను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. చలికాలం ఉదయం పాదం మోపితే షాబాదు బండ మీద లాగా చురుక్కుమనదు. బక్కెట్టుతో నీళ్ళు పోసి కడిగే చోటుకు మాత్రం పనికిరాదు. గట్టిగా పిండిన బట్టతో తుడిచి వెంటనే ఆరనివ్వాలి. ఇది చూసి ముచ్చటపడిన అమ్మ కింద పూజగదికి కూడా వేయించమని అడిగింది. ప్రతి శుక్రవారం నువ్వు కడిగే గది కదా అమ్మా, అక్కడ బండలే ఉండనీ అని చెప్పాను.