తూము తలుపు, రాత్రి మాత్ర: ఇమాటినిబ్ గురించి మాస్టారితో సంభాషణ

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. అమలాపురానికి దగ్గరలోని ఒక లంక గ్రామంలో, హైస్కూల్లో మాకు జీవశాస్త్రం బోధించిన మాస్టారి ఇంటి అరుగు మీద కూర్చుని ఈ సంభాషణ రికార్డు చేస్తున్నాం. మాస్టారూ, మీ జబ్బు ఎలా బయటపడిందో అక్కడి నుంచే మొదలుపెడదామండి.

మాస్టారు: 2013 వేసవిలో అమ్మా. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది, ఎడమ డొక్కలో బరువుగా ఉండేది, రాత్రిళ్లు చొక్కా తడిసేటట్టు చెమటలు పట్టేవి. మా అమ్మ చెయ్యి పెట్టి చూసి, బల్ల పెరిగిందిరా అంది. పాతకాలం వాళ్లు ప్లీహం వాపును బల్ల అనేవారు. ఆవిడ చెప్పింది నిజమే, కాని కారణం మేమనుకున్నట్టు మలేరియా కాదు. కాకినాడలో రక్తం పరీక్ష చేయిస్తే, 11,000 దాటకూడని తెల్లకణాలు 1,80,000 ఉన్నాయి. ఆ తరువాత మూలుగ తీసి పరీక్షించి క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే సీఎంఎల్ అని చెప్పారు.

వ్యాఖ్యాత: రక్త క్యాన్సరు అనగానే సెలైన్లు, జుట్టు ఊడటం, నెలల తరబడి ఆసుపత్రి గుర్తుకొస్తాయి. మీకు మాత్రం రోజుకొక మాత్ర ఇచ్చి ఇంటికి పంపారు. అదెలా సాధ్యమైందండి?

మాస్టారు: ఈ జబ్బుకు మూలం ఒకేచోట ఉండటం వల్ల సాధ్యమైంది. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ ఈ రోగుల కణాల్లో మామూలు కన్నా పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమును గుర్తించారు. అది పొట్టిదవటానికి కారణం 9వ క్రోమోజోము, 22వ క్రోమోజోము కొసలు విరిగి ఒకదాని ముక్క మరొకదానికి అతుక్కోవడమేనని 1973లో షికాగోలో జానెట్ రౌలీ చూపించారు. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు పుడుతుంది. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే లోపం కాదు, పిల్లలకు సంక్రమించేదీ కాదు. ఈ సంగతి నేను ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే మా అమ్మాయి పెళ్లి సంబంధాలప్పుడు ఇదే ప్రశ్న రెండు ఇళ్లలో ఎదురైంది.

వ్యాఖ్యాత: ఆ కొత్త జన్యువు ఏం చేస్తుందండి?

మాస్టారు: మన పంట కాలువ తూము చూశావు కదా. వంతు వచ్చినప్పుడు తలుపు ఎత్తుతారు, చేను తడిశాక దించుతారు. కణాన్ని పెరగమని చెప్పే ఏబీఎల్ ఎంజైము కూడా అలా ఎత్తి దించే తలుపు లాంటిదే. బీసీఆర్ ముక్క వచ్చి అతుక్కునేసరికి తలుపు ఎత్తిన చోటే బిగుసుకుపోతుంది, మూలుగలో తెల్లకణాలు అదుపు లేకుండా పుట్టుకొస్తాయి. ఆ ఎంజైము పనిచేయాలంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు దానిలోని ఒక గుంటలో చేరాలి. నేను వేసుకునే మాత్ర, ఇమాటినిబ్, ఆ చోటును ముందే ఆక్రమించుకుని ఏటీపీని రానివ్వదు. మామూలు కీమోథెరపీ వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీస్తుంది, ఇది మాత్రం చాలావరకు ఆ ఒక్క తలుపు మీదే పనిచేస్తుంది. అమెరికా డాక్టరు బ్రయాన్ డ్రూకర్ బృందం 1998లో మనుషులపై మొదలుపెట్టిన పరీక్షల్లో, రోజుకు 300 మిల్లీగ్రాములు లేక అంతకన్నా ఎక్కువ తీసుకున్న 54 మంది దీర్ఘకాలిక దశ (జబ్బు ఇంకా ముదరని దశ) రోగుల్లో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. 2001 మే నెలలో అమెరికాలో అనుమతి లభించింది.

వ్యాఖ్యాత: మీకు ఎన్నాళ్లకు గుణం కనిపించింది?

మాస్టారు: నెల తిరిగేసరికి తెల్లకణాలు అదుపులోకి వచ్చాయి, పొట్ట తేలికపడింది. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుందమ్మా. ఒంట్లో బాగున్నప్పుడు మందు బరువనిపిస్తుంది. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బేది, పిక్కలు పట్టేసేవి, అప్పుడప్పుడు వాంతి వచ్చేటట్టు ఉండేది. మూడో ఏడు నేను ఎవరికీ చెప్పకుండా రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టాను. జీవశాస్త్రం చదివిన వాణ్ణి, పిల్లలకు ఎంజైముల గురించి పాఠం చెప్పిన వాణ్ణి, అయినా ఆ తప్పు చేశాను. నాలుగు నెలల తరువాత, ఆ జన్యువు జాడ ఎంత మిగిలిందో కొలిచే పీసీఆర్ పరీక్షలో, అంతకుముందు 0.05 శాతం ఉన్న బీసీఆర్-ఏబీఎల్ 1.2 శాతానికి పెరిగింది.

వ్యాఖ్యాత: అంత తొందరగానా?

మాస్టారు: ఒంట్లోకి వెళ్లిన ఇమాటినిబ్ సుమారు 18 గంటల్లో సగానికి తగ్గిపోతుంది. మూలుగలో దాగిన జబ్బు మూల కణాలు మాత్రం చావకుండా అలాగే ఉంటాయి. లండన్‌లో 87 మంది రోగుల సీసా మూతల్లో చిన్న ఎలక్ట్రానిక్ పరికరం అమర్చి, ఎవరు ఎన్నిసార్లు మూత తీశారో నమోదు చేసి, 2010లో ఫలితాలు ప్రచురించారు. 90 శాతానికి మించి మాత్రలు వేసుకున్నవారిలో ఆరేళ్లలో బీసీఆర్-ఏబీఎల్ బాగా కిందికి దిగే అవకాశం 94.5 శాతం, అంతకన్నా తక్కువ వేసుకున్నవారిలో 28.4 శాతం. 90 శాతమంటే నెలకు మూడు మాత్రలు మరిచిపోవడం, అంతే. ఇది చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. నన్ను మా డాక్టరుగారు తిట్టలేదు, ఉబ్బు తగ్గటానికి వేరే మందు రాశారు. మొదటే చెప్పి ఉంటే సరిపోయేది.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఎలా వేసుకుంటున్నారండి?

మాస్టారు: రాత్రి అన్నం తిన్న వెంటనే, పెద్ద గ్లాసెడు నీళ్లతో 400 మిల్లీగ్రాములు. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పెడుతుంది. ద్రాక్షపండు కాదు గాని, గ్రేప్‌ఫ్రూట్ అనే నారింజ జాతి పండు ఈ మందును రక్తంలో పెంచుతుంది. మన ప్రాంతంలో దానికి దగ్గర బంధువు పంపరపనస. మా పెరట్లో చెట్టు ఉంది, కాయలన్నీ ఇప్పుడు ఇరుగుపొరుగు వాళ్లకే. క్షయకు వాడే రిఫాంపిసిన్ దీనికి వ్యతిరేకంగా పనిచేసి మందును తగ్గించేస్తుంది కాబట్టి, ఏ కొత్త మందుకైనా, పసరు మందుకైనా ముందుగా అడగాలి. గర్భం దాల్చే ఆలోచన ఉన్న ఆడపిల్లలైతే మరీ ముందుగా మాట్లాడాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. పడవ ఎక్కేముందు నేను తీసుకున్నది మాత్రల డబ్బా ఒక్కటే. అప్పటి నుంచి నెల రోజుల మందు అదనంగా మేడ మీద ఉంచుతున్నాను.

వ్యాఖ్యాత: ఖర్చు సంగతి కూడా చెప్పండి మాస్టారూ.

మాస్టారు: నాకు జబ్బు బయటపడిన ఏడాదే, 2013 ఏప్రిల్ 1న, ఈ మందుకు నోవార్టిస్ కంపెనీ కోరిన పేటెంటును సుప్రీంకోర్టు నిరాకరించింది. మునుపటి పదార్థం కన్నా వైద్యపరంగా ఎక్కువ గుణం చూపితే తప్ప కొత్త స్ఫటిక రూపానికి పేటెంటు లేదని చట్టంలోని 3(డి) సెక్షను. అప్పట్లో ఆ కంపెనీ మందు నెలకు సుమారు 1,20,000 రూపాయలు, మన దేశపు జనరిక్ మందు 8,000 నుంచి 10,000. హైదరాబాదులోని నాట్కో ఆ జనరిక్ తయారుచేసిన కంపెనీల్లో ఒకటి. నా జీతంతో మొదటి ధరకు మూడు నెలలు కూడా గడిచేది కాదు.

వ్యాఖ్యాత: ఎప్పటికైనా మానేయవచ్చా?

మాస్టారు: కొందరికి వీలవుతుంది. ఫ్రాన్సులో రెండేళ్లకు పైగా జబ్బు జాడ కనిపించని 100 మంది చేత మందు ఆపించి చూస్తే, సుమారు 40 శాతం మందికి తిరిగి రాలేదు. తిరిగి వచ్చినవారిలో ఎక్కువమందికి మొదటి ఆరేడు నెలల్లోనే వచ్చింది, మళ్లీ మాత్ర మొదలుపెడితే మళ్లీ తగ్గింది. కాని ఆ కొత్తలో నెలనెలా పీసీఆర్ చేయించాలి. డాక్టరుగారు, నేను దీని గురించి రెండుసార్లు మాట్లాడుకున్నాం. సంక్రాంతికి వచ్చే పరీక్షలో కూడా జాడ లేకపోతే మూడోసారి కూర్చుంటాం. ఆ రోజు దాకా రాత్రి అన్నం తరువాత మాత్ర ఉంటుందమ్మా.